ఇనప చొక్కా లోపల దూది

ఆ శుక్రవారం నోరు తెరవకూడదని పీరయ్య గట్టిగా నిశ్చయించుకున్నాకే గదిలోంచి బయటపడ్డాడు. నిశ్చయించుకోవడంలో ఆయనకు సాటి లేదు. సిగరెట్లు మానాలని నిశ్చయించుకున్నాడు, చాయ్‌లో చక్కెర తగ్గించాలని నిశ్చయించుకున్నాడు, సౌదీలోని ఈ తాయిఫ్ ఊరికి వచ్చిన కొత్తలో అరబ్బీ రాయడం చదవడం నేర్చుకోవాలని కూడా నిశ్చయించుకున్నాడు. ఆ వరసలో ఇది ఎంతసేపు నిలుస్తుందో ఆయనకు తెలియనిది కాదు. అయినా బయల్దేరాడు, మీసానికి రంగేసుకుని మరీ.

నోరు మూసుకోవలసిన అవసరం మాత్రం నిజంగానే ఉంది. ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాను నడుపుకుంటున్న మస్తాన్ వలీకి జైనాబ్ అని ఒక చిన్నాయన కూతురుంది. ఇదే ఊళ్లో ఒక టీచరమ్మ ఇంట్లో పని చేస్తోంది. మొదటి మొగుడు తనకు రెండు లారీలున్నాయని చెప్పి ఆమెను పెళ్లాడాడు. మూడేళ్ల తర్వాత తేలిందేమిటంటే, ఆయన ఆ రెండు లారీల్లో ఒకదానికి క్లీనరు. జైనాబ్ విడాకులు తీసుకుని విమానమెక్కింది. ఇన్నేళ్లకు మస్తాన్ వలీ మళ్లీ సంబంధం మాట ఎత్తాడు. మనిషి మంచోడు, అరబ్బుల మజ్లిస్ గదుల్లో కింద పరిచే పరుపులు, దిండ్లు కుట్టే దుకాణంలో పనిచేస్తాడు, భార్య పోయి చాలా కాలమైంది, తాగడు అని వరసగా చెప్పుకుపోతుంటే ఆమె అడ్డం వచ్చి ఒక్కటే అడిగింది.

"అబద్ధాలు చెప్తాడా అన్నా?"

"చెప్పడు" అన్నాడు మస్తాన్ వలీ, రెప్ప వేయకుండా. ఆ సంబంధంలో మొదటి అబద్ధం అదే.

అన్నాక భయం పట్టుకుంది. తిన్నగా పీరయ్య దగ్గరికి వచ్చాడు. "పీరన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆయమ్మి ఒకటే అడిగింది, అబద్ధాలు చెప్తాడా అని. చూపుల పూట ఒక్కటి కోతలు కొయ్యగాకు. అవునంటే అవును, కాదంటే కాదు. ఆయమ్మి లేచి బయటికి పోతే ఇంగ మల్ల కూర్చోబెట్టడం నాతో అయ్యే పని కాదు."

"నేనెప్పుడు కోసినా కోతలు?" అన్నాడు పీరయ్య, నిజంగానే నొచ్చుకుని.

చూపులకు ఇర్ఫాన్ మెస్సు కుదిరింది. నిజామాబాదు ఇర్ఫాన్ నడిపే ఆ మెస్సులో ముందువైపు మగవాళ్లు కూర్చుంటారు, వెనకవైపు కుటుంబాలు. మధ్యలో ముదురు ఎరుపు పరదా. ఇప్పుడు పరదా ఉండి తీరాలని ఎవరూ అడగడం లేదు గానీ, తీస్తే వెనక గోడ పెచ్చులూడింది కనపడుతుందని ఇర్ఫాన్ దాన్ని అట్లాగే ఉంచాడు. జుమ్మా నమాజు అయ్యాక జైనాబ్, మస్తాన్ వలీ భార్య సుల్తానా వచ్చి పరదా వెనక కూర్చున్నారు. ముందు ఆయన మాట తీరు విననివ్వమని జైనాబే అడిగిందట. నచ్చితే అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు. నచ్చకపోతే వెనక తలుపు ఉండనే ఉంది.

పీరయ్య పరదాకు ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మస్తాన్ వలీ ఆయన పక్కనే, కాలికి కాలు ఆనించి కూర్చున్నాడు, అవసరమైతే తొక్కడానికి. అంతా సవ్యంగానే ఉంది. చెడగొట్టింది ఇర్ఫాన్.

"పీర్ భాయ్, గా ఇనుప బట్టల కొట్లాట ముచ్చట జెప్పరాదే. మా హరనాథ్ సార్ ఇనలేదంట."

హరనాథ్ కాకినాడ మనిషి, ఏదో పెద్ద సైటులో సేఫ్టీ ఇంజనీరు, ఆ మెస్సుకు కొత్త. పక్క బల్ల దగ్గర పరోటా తుంచుతూ తలెత్తాడు.

"ఏం ముచ్చట లేదులే ఇర్ఫానూ" అన్నాడు పీరయ్య. "ఒక కోటుకు దారం తెగితే కుట్టినా. అంతే."

పెంచి చెప్పనందుకు తన మీద తనకే గౌరవం కలిగింది. అక్కడ ఆపి ఉంటే పెళ్లి ఆ పూటే కుదిరిపోయేది. కానీ పరదా వెనక నుంచి సుల్తానా గొంతు వినిపించింది. "అన్నా, జైనాబు అడుగుతాంది, అదేం కొట్లాట అని."

ఆమె అడిగింది. ఆమే అడిగితే చెప్పకుండా ఉండటం మర్యాదా? పీరయ్య మస్తాన్ వలీ వైపు చూశాడు. మస్తాన్ వలీ, సరే, రెండు ముక్కలు, అన్నట్టు తలూపాడు.

"పోయిన ఎండాకాలం మన ఊళ్లో మేళా పెట్టినారు గదా" అని పీరయ్య గొంతు సవరించుకున్నాడు. "దాంట్లో ఒక పోటీ. పాతకాలం సిపాయీల మాదిరి నెత్తి నుంచి కాలిదాకా ఇనుము తొడుక్కుని, మొద్దు కత్తులతో నిజంగానే కొట్టుకుంటారు. నాటకం కాదు, ఆట. ఈపక్క అయిదుగురు, ఆపక్క అయిదుగురు, చుట్టూ కట్టెల కంచె. పడినోడు ఔటు. చివరికి ఎవురి మనుషులు నిలబడి ఉంటే వాండ్లు గెలిచినట్టు."

"కబడ్డీ లాంటిదన్నమాట" అన్నాడు హరనాథ్.

"కబడ్డీకి ఇనుము తొడిగితే ఇదే సార్. మరి ఆ ఇనుము ఒట్టి ఒంటిమీద వేసుకుంటే తోలు ఊడొస్తాది. అందుకని కింద దూది కోటు ఉంటాది. లోపల దూది పరిచి నిలువు గీతలుగా కుట్టిన కోటు. అవి చినిగితే బాగుచేసే పని మా దుకాణం ముదీర్, అదే మేనేజరు, ఒప్పుకున్నాడు. ఈడ దూది పని తెలిసినోన్ని నేనొక్కన్నే. మా తాత ముత్తాతలు దూదేకి పరుపులు కుట్టినోళ్లు."

మస్తాన్ వలీ కాలు కొంచెం సడలింది. ఇంతవరకూ ప్రతి ముక్కా నిజం.

"ఓహో, మీరు టైలరన్నమాట" అన్నాడు హరనాథ్.

టైలరు అనడంలో తప్పేం లేదు. ఆ ‘అన్నమాట’లోనే ఉంది తప్పు. పరదా వెనక చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ చప్పుడులో పీరయ్యకు నిరాశ వినిపించింది. క్లీనరును వదిలించుకుని వచ్చిన మనిషికి మళ్లీ టైలరా అనుకుంటోందేమో. ఆయన నిశ్చయం అక్కడే ఒక మూల చిరిగింది.

"టైలరే సార్. కానీ ఆ పొద్దు టైలరుగా పోయినోన్ని, తిరిగొచ్చేటప్పుడు టైలరుగా రాలా."

మస్తాన్ వలీ కాలు తొక్కాడు. పీరయ్య కాలు తీసి కుర్చీ కింద పెట్టుకున్నాడు.

"ఏమైందంటే, మా కోట్లు వేసుకున్న జట్టులో అయిదోవాడు పొద్దున్నే జిద్దా నుంచి హదా కొండ మలుపులెక్కి వచ్చినాడు. మలుపు మలుపుకీ వాంతి. పోటీ టయానికి మంచం మీద తడిబట్ట మాదిరి పడుండాడు. నలుగురితో ఆడితే ఓడిపోతారు. కప్తాను ఉండాడే, తలుపంత మనిషి, ఏదో చలి దేశపోడు, నన్ను కింద నుంచి పైదాకా చూసినాడు. చూసి, భుజం మీద చెయ్యేసి, ‘ముఅల్లిం పీర్, యల్లా’ అన్నాడు, ఉస్తాదూ, పద అని. నేను వద్దన్నా. మూడుసార్లు వద్దన్నా. ఇర్ఫాను సాక్షి."

"నేను గాడ లేను గద భాయ్."

"లేవు. ఉంటే సాక్షివే గదా. ఇంగ వేసినారు ఇనుము. నలభై కిలోలు. నాకేమో దూదిమూట మోసినట్టుండాది. ఇంకేమన్నా ఉండాదా అని అడిగినా. పాపం, వాంతులు చేసుకున్నోని ఇనుము కూడా దాని మీదనే తొడిగినారు."

"ఒకదాని మీద ఒకటి ఫిట్ అవ్వదండి" అన్నాడు హరనాథ్.

"వేరేవాళ్లకు కాదు సార్. నేను సన్నం గదా."

పరదా వెనక ఎవరో చిన్నగా దగ్గారు. దగ్గా, నవ్వా? నవ్వయితే మెచ్చుకోలు. పీరయ్య మెచ్చుకోలు అనే అనుకున్నాడు. ఆయన అలవాటు అది, సందేహం వస్తే తన పక్కకే తీర్పు చెప్పుకుంటాడు.

అసలు జరిగింది ఆయనకు గుర్తులేక కాదు. బాగా గుర్తుంది. గుర్తుంది గనకే ఆ దారిలో పోవడం లేదు.

"గంట కొట్టినారు. అవతలోడు ఎద్దు మాదిరి వచ్చి నా నెత్తి మీద ఒక్కటి వేసినాడు. శిరస్త్రాణం ఖంగుమని మోగింది. నాకేం కాలా. కానీ ఆ మోత ఊరు దాటింది, తోటలు దాటింది, హదా కొండ దాకా పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కొండ మీద కోతులు ఉండాయే, రోడ్డు పక్కన కూర్చుని కార్లల్లోవాళ్ల దగ్గర అరటిపండ్లు గుంజుకుంటాయి చూడు, ఎర్ర పిర్రల పెద్ద కోతులు. అవన్నీ అన్నానికి పిలిచినారనుకుని బయల్దేరినాయి."

"అన్నీనా?" అన్నాడు ఇర్ఫాన్, చాయ్ వడపోసేది మధ్యలో ఆపి.

"ముసలివి రాలా. అబద్ధం ఎందుకు చెప్పాల."

మస్తాన్ వలీ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"వచ్చి, గ్యాలరీలో కూర్చున్నాయి. టికెట్ కొన్నవాళ్లు లేచి చోటిచ్చినారు. నేను చూసినా, ఇంతమంది ముందర మన పరువు పోకూడదు అనుకున్నా. కత్తి అవతల పారేసినా. కప్తాను, ‘ఏంది పీర్, కత్తి లేకుండానా’ అన్నాడు. మా కులవృత్తి ఆయుధం తెప్పించమన్నా. దూదేకే విల్లు. మనిషంత పొడుగు, నరంతో బిగించిన తీగ, దాన్ని కొట్టే కట్టె. మా తాత దానితో మూడూర్ల పరుపులు ఏకినాడు. దాన్ని పట్టుకుని నిలబడినా సార్ మధ్యలో."

"అది మీకు అక్కడ ఎలా దొరికింది?"

"వ్యానులో ఉండాది. మస్తాను తెచ్చిచ్చినాడు."

మస్తాన్ వలీ ఉలిక్కిపడ్డాడు. "నేనేడ తెచ్చినా అన్నా?"

"మర్చిపోయినావులే. ఎంత పనిలో ఉంటివో. ఇంగ ఆ తీగను అవతలోని గుండెకాడ పెట్టి కట్టెతో ఒక్కటి వేసినా. ధన్ అన్నాది. ఇనుము ఇనుము మాదిరే ఉండాది. దాని లోపల దూది మాత్రం, మెడ సందులోంచి, చంక సందులోంచి, మోచేతి సందులోంచి బయటికి ఉబికి వచ్చి గాల్లోకి లేచింది. కోటు ఒట్టి బట్ట అయిపోయా. ఇనుము వదులయిపోయా. లోపల మనిషి గింజ మాదిరి లొడలొడ కొట్టుకుంటాండాడు. రెండోవాడు వచ్చినాడు, ధన్. మూడోవాడు, ధన్. అయిదుగురూ అయినారు. నేను, ఇంకేమన్నా ఉండారా, అని అడిగినా."

"లేరు, అయిదుగురే కదా రూల్."

"రూలు వాళ్లే మార్చుకున్నారు సార్, పరువు కోసం. మిగతా జట్లన్నీ దిగినాయి. ఎన్ని దేశాలు ఉంటే అన్ని. అందరిదీ ఏకినా. దూది లేచి లేచి మబ్బు కట్టినాది. మల్ల ఏమైందో తెలుసా? తాయిఫ్ మీద మంచు కురిసింది. దానిమ్మ తోటల మీద, గులాబీ తోటల మీద, మసీదు గుమ్మటాల మీద, మా ముదీర్ కారు మీద. అంతా తెల్లగా. జిద్దాలో ఉక్కపోతలో చస్తాండే జనం ఈ మాట విని కార్లేసుకుని కొండెక్కినారు. హదా రోడ్డంతా నిండిపోయింది. పిల్లోళ్లు బొమ్మలు చేసుకున్నారు. ఇంగ వాతావరణం ఆఫీసోళ్లు వచ్చి నన్నడిగినారు, ‘ముఅల్లిం, ఇది ఎప్పుడు ఆగుతాది, మేం ప్రకటన ఇయ్యాల’ అని."

ఇర్ఫాన్ చాయ్ పొంగిపోయింది. ఎవరూ చూడలేదు.

"పీరన్నా, చాలు" అన్నాడు మస్తాన్ వలీ పళ్ల సందుల్లోంచి. "ఆపన్నా."

పీరయ్యకు వినపడింది. ఆపాలని ఆయనకూ ఉంది. లోపల ఒక పీరయ్య అరుస్తూనే ఉన్నాడు, ‘ఒరే, మబ్బులు దాటినావు, దిగరా, ఆ పరదా వెనక ఒక మనిషి ఉంది, ఆమె ఒకటే అడిగింది’ అని. కానీ కొండ దిగే బండికి బ్రేకు తగలనప్పుడు డ్రైవరు చేసేదేముంటుంది, స్టీరింగు పట్టుకుని ముందుకు చూడటమే.

"ఆగు మస్తానూ, కేబుల్ కారు మాట చెప్పలేదు గదా. ఆ గోలలో ఒకని చేతిలో కత్తి ఎగిరి పోయి హదా కేబుల్ కారు తీగను కొరికేసినాది. పెట్టె నిండా జనం. ఒక కుటుంబం, వాళ్ల చేతిలో ఖబ్సా పళ్లెం. ఇంగ నేనొక ఉరుకు ఉరికినా. ఇనుముతోనే. తీగ కొస ఈ చేత్తో పట్టుకున్నా, ఆ కొస ఆ చేత్తో పట్టుకున్నా. పెట్టె మెల్లగా దించినా. అన్నం మెతుకు కింద పడలా."

"రెండు చేతులూ తీగకే ఉంటే పెట్టె దేంతో దించారండీ?" అన్నాడు హరనాథ్. సేఫ్టీ ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

"పెద్ద కోతి సాయం పట్టింది సార్. అప్పటికే దానికి ఒక శిరస్త్రాణం ఇచ్చినా. బాగా కుదిరింది దానికి. మా జట్టులో అదే ఆరోది. కప్తాను ఏడ్చినాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుంటానన్నాడు. వద్దులే అని నేనే ఆయన్ని ఎత్తుకున్నా, ఇనుముతో సహా, ఈ చంకలో. ఒక పెద్ద షేకు వచ్చి, ‘నీకేం కావాల’ అన్నాడు. గుర్రాలిస్తానన్నాడు, తోట ఇస్తానన్నాడు. నాకేం వద్దయ్యా, దుకాణం తెరవాల, టయమైంది అని చెప్పి…"

"వదినా" అంది పరదా వెనక గొంతు.

గట్టిగా అన్నది కాదు. మామూలుగా, ఉప్పు అందుకొమ్మన్నట్టు. పీరయ్య నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. ఆ గొంతు ఆయన మొదటిసారి వింటున్నాడు.

"వదినా, ఒక మాట అడుగు. అంతసేపు కొట్లాడినాడు గదా, అప్పుడు మెడలో టేపు ఉండిందా, తీసేసినాడా?"

సుల్తానా పరదా ఇవతలికి అడిగింది. "అన్నా, టేపు ఉండిందా అంటాంది."

"ఏం టేపు?" అన్నాడు పీరయ్య. ఏం టేపో ఆయనకు బాగా తెలుసు.

"కొలతల టేపు వదినా. పచ్చది." జైనాబ్ ఇప్పుడు సుల్తానాకే చెబుతోంది, కానీ పరదా బట్ట పలచనిది, మెస్సంతా వింటోంది. "మా మేడమ్ పిల్లోళ్లను తీసుకుని ఆ పొద్దు నేను ఆ మేళాకు పోయినా. ముందు వరసలోనే కూర్చున్నాం. ఒక జట్టు అయిదుగురు వచ్చినారు. ఇనుము తొడుక్కోనైతే తొడుక్కున్నారు గానీ బెల్టులు ఒక్కటీ అందలా, తాళ్లతో కట్టుకున్నారు. లోపల దూది అంత ఉబ్బుండాది. చేతులు రెండూ పక్కలకు నిలబడినాయి, చేలో దిష్టిబొమ్మల మాదిరి. మోచెయ్యి మడవడానికి రాదు. ఒకనికి కత్తి ఇంకొకడు వచ్చి చేతిలో పెట్టిపోయినాడు."

ఇర్ఫాన్ పీరయ్య వైపు చూశాడు. పీరయ్య పరదా మీద పువ్వుల వైపు చూశాడు.

"గంట కొట్టినారు. అవతలోడు వచ్చి మొదటోని గుండె మీద చెయ్యి పెట్టినాడు. కొట్టలా, పెట్టినాడు అంతే. వాడు పోయి రెండోవాని మీద పడినాడు, రెండోవాడు మూడోవాని మీద. అయిదుగురూ వరసగా పడినారు వదినా. ఇనుము పడితే చప్పుడు రావాల గదా. రాలా. మెత్తగా పడినారు, పరుపు మీద పరుపు పడినట్టు. పడినోళ్లు లేయలేరు. దొర్లుతాండారు."

హరనాథ్ నోట్లో పరోటా పెట్టుకోబోయి ఆగిపోయాడు. "ఎందుకలా ఉబ్బాయండీ?"

జవాబు పీరయ్యకు తెలుసు. దుకాణానికి వచ్చిన ఆ కోట్లను చూసి ఆయనకు కడుపు తరుక్కుపోయింది. లోపల దూది అట్ట మాదిరి గట్టిపడిపోయి, పలచగా, బిగుతుగా కుట్టి ఉంది. ఏ దరిద్రపు చేతి పని ఇది అనుకున్నాడు. అది కావాలనే అట్లా కుడతారని, దెబ్బ తట్టుకునేది ఆ గట్టిదనమేనని ఆయనకు ఎవరు చెప్పారు గనక. కుట్లన్నీ విప్పి, దూది ఏకి ఏకి పొంగించి, పెళ్లిపరుపుకు నింపినట్టు చేతి వేళ్ల దాకా నింపి, ఇంకొంచెం పడుతుందని ఇంకొంచెం కూరి, ముచ్చటగా కుట్టి పంపాడు. అయిదు కోట్లూ వాటంతట అవే నిలబడ్డాయి.

జైనాబే చెప్పుకుపోయింది.

"వాళ్లల్లో పెద్దాయన ఒకడు ఎట్లనో లేచి, కుట్టు పీకి చూసినాడు. బుస్సుమని దూది లేచి వాని నోట్లోకి పోయింది. ఉమ్మి, కంచె దగ్గర మెడలో పచ్చ టేపుతో ఒక సన్నపాటి మనిషి తాడు కట్టను పోయి లోపలే ఇరుక్కోనుంటే, వాన్ని చూసినాడు. ఇంగ చూడు వదినా. ఈయన ముందు, ఆ ఇనుము వెనక. కంచె చుట్టూ తిరుగుతానే ఉండారు. జనమంతా ఇది కూడా ఆటలోదే అనుకుని చప్పట్లు కొడతాండారు. మా పిల్లోళ్లు బెంచీలెక్కినారు. ఈయన పరిగెత్తుతా పరిగెత్తుతా తెలుగులో అరుస్తాండాడు, ‘ఒరే నాయనా, మెత్తగా ఉంటే ఎవురికైనా మంచిదే గదరా’ అని. అంతమందిలో ఆ మాట నాకొక్కదానికే తెలిసింది. మన పక్క మనిషి ఎవురో తన్నులు తినబోతాండాడే అని భయపడినా."

ఇర్ఫాన్ గల్లాపెట్టె మీద తల పెట్టి భుజాలు కదిలిస్తున్నాడు. హరనాథ్ మొహం తిప్పుకున్నాడు. మస్తాన్ వలీ మాత్రం నవ్వడం లేదు. వెనక తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

పారిపోవడం పీరయ్యకు బాగా వచ్చిన పనే గానీ, ఇప్పుడు వెంటపడి తరిమేవాడు లేడు. చాయ్ గ్లాసు ఎత్తాడు, ఖాళీ. ఖాళీ గ్లాసే తాగాడు.

"పట్టుకున్నాడా మరి?" అంది సుల్తానా లోపల.

"యాడ పట్టుకుంటాడు. ఆ బరువుతో, ఆ దూదితో. ఆయాసంతో నేల మీద కూలబడినాడు. మొహం బీట్‌రూటు మాదిరి అయిపోయింది. అప్పుడు ఆ సన్నపాయన ఆగినాడు. తిరిగొచ్చినాడు. నీళ్ల సీసా మూత తీసి ఆయన నోటికి పెట్టి తాగించినాడు. తాగించి, మల్ల పరిగెత్తినాడు."

హరనాథ్ మళ్లీ ఇటు తిరిగాడు.

"మా ఇంట్లో ఇప్పటికీ అదే ఆట వదినా. ఒకడు నెత్తిన గిన్నె పెట్టుకుని తరుముతాడు, ఇంకొకడు మెడలో నా దుపట్టా వేసుకుని ఉరుకుతాడు. గిన్నె ఎవురు పెట్టుకోవాలని రోజూ కొట్లాట. ఇద్దరికీ ఉరికేవాడే కావాల."

మస్తాన్ వలీ ఇక ఉండబట్టలేకపోయాడు. లేచి పరదా దగ్గరికి వెళ్లాడు, బయటనే నిలబడి గొంతు తగ్గించాడు. "అమ్మా జైనాబూ, తప్పు నాది. అబద్ధాలు చెప్పడని నేనే చెప్పినా. ఈయన కోతలరాయుడని నాకు తెలుసు. నీకు ఇష్టం లేకపోతే ఇంగ ఒక్క మాట అనను. పోదాం పా, వ్యాను తీస్తా."

పీరయ్య తల వంచుకున్నాడు. రంగేసిన మీసం ఒక్కటే నిటారుగా ఉంది.

లోపల కుర్చీ జరిగింది. లేచిందా? కాదు, ఇటువైపు జరుపుకుంది. పరదా బట్ట వెనక నీడ దగ్గరగా వచ్చింది.

"అన్నా, మొదటాయన ఒకే ఒక్క అబద్ధం చెప్పినాడు. రెండు లారీలని. నింపాదిగా, నంబర్లతో సహా చెప్పినాడు. నేను మూడేండ్లు నమ్మినా. ఈయన కూర్చున్నప్పటి నుంచి చెప్తానే ఉండాడు. కోతులొచ్చె, మంచు పడె, కేబుల్ కారు తెగె. నేను ఒక్క నిమిషం కూడా మోసపోలా. నాకు భయం నమ్మించేవాళ్లతోనే అన్నా. ఈయన నన్ను దేన్నీ నమ్మించలేడు."

మస్తాన్ వలీకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే సరేననా?"

"అంత కత చెప్పి ఆ నీళ్ల సీసా మాట చెప్పలా చూడు" అంది జైనాబ్, ఆ ప్రశ్న వినపడనట్టు. "కోతికి ఇనప టోపీ పెట్టినాడంట. నీళ్లు తాగించింది గుర్తుకే రాలా."

"అది చెప్పుకోనేముంది" అని గొణిగాడు పీరయ్య. ఆ పూట కోతలు మొదలయ్యాక ఆయన అన్న మాటల్లో పెంచకుండా అన్నది అదొక్కటే. తనకే కొత్తగా వినిపించింది.

పరదా అంచు పక్కకు జరిగింది. నలభై దాటిన మనిషి, ఎండకు వాడిన మొహం, నవ్వు ఆపుకోవడం వల్ల బిగించిన పెదాలు. ఇప్పుడు సుల్తానా మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా ఆయన్నే చూసింది.

"ఒకటి అడుగుతా. దీనికి మాత్రం కోతలు వద్దు. మా మేడమ్ ఇచ్చిన పరుపు రాయి మాదిరి ఉండాది, నడుం పట్టేస్తాంది. మీకు పరుపు ఏకి కుట్టడం నిజంగా వచ్చా, రాదా?"

పీరయ్య గొంతులోకి ఏడు తరాలు ఎక్కివచ్చాయి. తాత విల్లు వచ్చింది, ఆయన కుట్టిన పరుపు మీద పడుకుని లేవడం మర్చిపోయిన నవాబు వచ్చాడు, గాలికి లేచి ఒంగోలు దాకా ఎగిరిపోయిన దిండు వచ్చింది, దాని వెనకే గుర్రమెక్కి పోలీసులు వచ్చారు. అందరూ నాలుక చివర వరసకట్టి తోసుకుంటున్నారు. మస్తాన్ వలీ కళ్లు మూసుకున్నాడు. ఇర్ఫాన్ తల ఎత్తాడు. పీరయ్య పెదాలు విడివడ్డాయి, మూతపడ్డాయి, మళ్లీ విడివడ్డాయి. మెడ నరాలు తేలాయి. నవాబును వెనక్కి నెట్టాడు, పోలీసులను నెట్టాడు, దిండును చేత్తో అణచి కూర్చోబెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. అంత ఇనుము తొడుక్కున్నా ఏ మనిషికీ అంత కష్టం కలిగి ఉండదు.

"వచ్చు" అన్నాడు.